నూకరత్నం కత్తికి శత్రువు కావలెను

నూకరత్నం కత్తిలో ఆత్మరక్షణ గుణం ఉందని మునిసిపాలిటీ వారు కనిపెట్టిన రోజున, ఆమె ముందు ముప్పై మంది ఆడవాళ్లు మామిడికాయల సంచులతో వరసలో నిలబడి ఉన్నారు.

మే నెల రెండో వారం. మల్లెలవంక పట్టణంలో ఆవకాయల రోజులు. నూకరత్నం మార్కెట్టు రేకుల షెడ్డు కింద ఇరవై రెండేళ్లుగా కాయలు కొడుతోంది. చింతమొద్దు మీద కాయ నిలబెట్టి ఒక్కటే దెబ్బ. టెంక రెండుగా చీలి లోపలి జీడి బయటపడాలి. ప్రతి ముక్కకీ టెంక అంటుకునే ఉండాలి. టెంక ఊడిన ముక్క జాడీలో మెత్తబడిపోతుందని ఊళ్లో పసిపిల్లనడిగినా చెబుతుంది. అంచేత ఊరు ఊరంతా సంచులు పట్టుకుని ఆమె దగ్గరికే వస్తుంది. ఈ ఇరవై రోజులే ఆమెకు పంట. మిగతా ఏడాదంతా పచ్చడి కొట్లో కారం దంపుకుంటూ గడుపుతుంది.

అసలు గొడవ జనవరిలో మొదలైంది. ఎక్కడినుంచో ఒక ఉపన్యాసకుడొచ్చి, టౌన్‌హాల్లో ఆత్మరక్షణ వారోత్సవం జరిపి, ప్రతి పౌరుడూ నడుముకొక కత్తి పెట్టుకు తిరగాలని చెప్పి వెళ్లిపోయాడు. ఛైర్మన్‌గారు మడత కత్తి కొన్నారు. ఆయన కొన్నాక కౌన్సిలర్లు కొనకుండా ఉంటారా! నెల తిరిగేసరికి ఎవరి మీదా ఎవరూ దాడి చేయలేదు గానీ, పదకొండు మంది కౌన్సిలర్ల జేబులు చిరిగాయి. తొమ్మిదో వార్డు కౌన్సిలర్ కొరియర్‌లో వచ్చిన చీర పెట్టె విప్పబోయి చేతికి మూడు కుట్లు వేయించుకున్నాడు.

ఇది ఎందుకు జరిగిందని అత్యవసర సమావేశం పెట్టారు. ఆత్మరక్షణకు కొన్న కత్తితో వినియోగపు పని చేయడం వల్ల జరిగిందని తేల్చారు. ఇకమీదట పట్టణంలో ప్రతి కత్తీ రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. వినియోగ కత్తి అయితే రక్షించకూడదు. ఆత్మరక్షణ కత్తి అయితే వంకాయ ముట్టుకోకూడదు. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించి, దాని అమలుకు కత్తుల ప్రయోజన నిర్ధారణ విభాగమని కొత్తది తెరిచారు. దానికి అధికారి త్రినాథరావు.

త్రినాథరావు అంతకుముందు పన్నెండేళ్లు దోమల నివారణలో పనిచేశాడు. దోమ ఎందుకొచ్చిందన్న విషయంలో ఎవరికీ సందేహం ఉండదు కాబట్టి, అక్కడ ఆయన బుర్రకు తగిన పని దొరకలేదు. కత్తుల దగ్గరికి వచ్చాక మనిషి వికసించాడు.

ఆ ఉదయం ఆయన లక్కా కొవ్వొత్తీ పట్టుకున్న అటెండరు అవతారాన్ని వెంటబెట్టుకుని, నూకరత్నం మొద్దు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా, ఈ కత్తి యొక్క ఉద్దేశం ఏమిటి?"

"మామిడికాయలండి."

"మామిడికాయ ఉద్దేశం కాదమ్మా, వస్తువు. ఉద్దేశాలు రెండే ఉన్నాయి. వినియోగమా, ఆత్మరక్షణా?"

"కొడతానండి, దీంతోటి."

"రాయవయ్యా అవతారం. 'కొట్టుటకు' అని ఆమే అంగీకరించింది."

"కాయల్నండి బాబూ!"

"అది తర్వాత. ఈ కత్తిని చూసి ఎప్పుడైనా, ఎవరైనా భయపడ్డారా? ప్రభుత్వానికి నిజం చెప్పాలి."

నూకరత్నానికి నిజం చెప్పడం తప్ప ఇంకోటి రాదు. "నిరుడొక మేక భయపడిందండి. కాయ నోటకరుచుకు పోతుంటే కత్తెత్తి అదిలించాను. వదిలేసి పారిపోయింది."

త్రినాథరావు ముఖం వెలిగిపోయింది. "చూశావా! సదరు కత్తి ఒక ప్రాణిని ఆయుధ రూపంలో ఎదుర్కొన్నది. మేక పలాయనం చిత్తగించినది. ఆత్మరక్షణ కేటగిరీ. అట్టి కత్తితో కాయలు కొట్టుట దుర్వినియోగం కిందికి వస్తుంది. సీలు చెయ్యి."

అవతారం కత్తిని గుడ్డలో చుట్టి, లక్క కరిగించి ముద్ర వేశాడు. వేస్తున్నంతసేపూ కత్తిని తన కడుపుకు దూరంగా, చేతులు చాచి పట్టుకున్నాడు.

వరసలో ఉన్నవాళ్లు గోల పెట్టారు. "మరి మా కాయలో?"

"కాయల మీద విభాగానికి అభ్యంతరమేమీ లేదు. అవి యథాతథ స్థితిలో ఉండవచ్చు."

"ఉండవండీ! ఈ ఎండకి నాలుగురోజుల్లో పండిపోతాయి!"

"అది కాయల అంతర్గత వ్యవహారం," అన్నాడు త్రినాథరావు.

జనం సంచులెత్తుకుని షెడ్డు రెండో చివరికి పరిగెత్తారు. అక్కడ వీరవేణి కూర్చుంటుంది. ఆమెదీ కాయలు కొట్టే పనే. నూకరత్నానికీ ఆమెకీ పంతొమ్మిదేళ్లుగా మాటల్లేవు. షెడ్డులో నీడపట్టు జాగా ఎవరిదన్న దగ్గర మొదలై, ఒకరి మొహం ఒకరు చూసుకోని దాకా వచ్చింది. జనం తన వైపు రావడం చూసి వీరవేణి కొంగు దోపుకుని కత్తి అందుకుంది. పావుగంటలో ఆమె కత్తికీ లక్కముద్ర పడింది. ఆ కత్తిని చూసి ఎవరూ, ఏ మేకా భయపడలేదుగానీ, తన కత్తి నూకరత్నం కత్తికంటే బరువైనదని ఆవిడే గొప్పగా చెప్పుకుంది.

మర్నాడు నూకరత్నం మునిసిపల్ ఆఫీసు మేడెక్కింది. విభాగంలో మూడు బల్లలు, ఒక బీరువా. బీరువా నిండా చీటీలు కట్టిన కత్తులు, కత్తిపీటలు, రెండు కొబ్బరి కోరాములు, క్షౌరశాల వారి మంగలి కత్తుల కట్ట. మధ్య బల్ల దగ్గర సీనియర్ అసిస్టెంట్ హైమావతి పుట్టెడు ఫైళ్ల వెనక కూర్చుని ఉంది.

"మీకు రెండు మార్గాలున్నాయమ్మా," అన్నాడు త్రినాథరావు. "వినియోగ కత్తి అని తేలాలంటే భయ పరీక్షలో నెగ్గాలి. త్రిసభ్య సంఘం ముందు కత్తిని ఆవిష్కరిస్తాం. సభ్యుల్లో ఏ ఒక్కరికీ భయం కలగకపోతే, అది నిరపాయకరమైన వినియోగ కత్తి."

త్రిసభ్య సంఘమంటే ఆయన, హైమావతి, అవతారం. కత్తిని బల్ల మీద పెట్టి పైన ఎర్రగుడ్డ కప్పారు. త్రినాథరావు గడియారం చూసుకుని గుడ్డ లాగాడు. హైమావతి ఆవులించింది. అవతారం కళ్లు గట్టిగా మూసుకుని గోడకు అతుక్కుపోయాడు.

"భయమా?" అన్నాడు త్రినాథరావు.

"గుడ్డ కింద ఏముందో తెలియకపోతే నాకు భయమండి."

"ఏముందో నీకు తెలుసు కదయ్యా. సీలేసింది నువ్వేగా!"

"తెలుసు కాబట్టే ఇంకా భయమండి."

పరీక్ష పోయింది. నూకరత్నం అవతారం వైపు చూసింది. అతను ఆమెకు దణ్ణం పెట్టాడు. "నా చేతుల్లో లేదు తల్లీ. మా ఆవిడ కూరలు తరుగుతున్నా పక్కగదిలోకి పోతాను."

"పోనీండి, ఆ రెండో మార్గం చెప్పండి," అంది నూకరత్నం. ఏదో ఒక పేరు మీద కత్తి ఇంటికొస్తే చాలు, ఆ తర్వాత సంగతి తర్వాత చూసుకోవచ్చని ఆమె ఉద్దేశం.

"ఆత్మరక్షణ కత్తిగానే విడిపించుకోవచ్చు. కానీ ఎవరి నుంచి రక్షణో తెలపాలి. శత్రుత్వ ధ్రువీకరణ పత్రం జతపరచాలి. శత్రువు పట్టణ పరిధిలో నివసించాలి. రక్తసంబంధీకులు పనికిరారు, అది కుటుంబ కలహం. శత్రువు స్వయంగా వచ్చి, ఇష్టపూర్వకంగా సంతకం చెయ్యాలి. రెండు ఫొటోలు."

"నాకు శత్రువులెవరూ లేరండి."

"అది మీ వైపు లోపం. దానికి విభాగం బాధ్యత వహించదు."

ఇంటికెళ్తూ దారి పొడుగునా నూకరత్నం శత్రువు కోసం వెతికింది. పాలమ్మే రాఘవమ్మను అడిగితే, "నీతో నాకేం పగ అక్కా, నా పెళ్లికి వడ్డనకొచ్చినదానివి!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇస్త్రీబండి ఆయన ఒప్పుకున్నాడుగానీ, ఫొటో దిగనన్నాడు. చివరికి ఊళ్లో తనకు చెడ్డదాని కింద లెక్కకొచ్చే మనిషి ఒక్కతే మిగిలింది. నూకరత్నం గుండె రాయి చేసుకుని వీరవేణి ఇంటి గుమ్మం ముందు నిలబడింది.

వీరవేణి అరుగు మీద ఉత్త చేతులతో కూర్చుని విసనకర్ర విసురుకుంటోంది. ఈమెను చూసి విసరడం ఆపింది.

"దారి తప్పొచ్చావా?"

"లేదు. పనుండే వచ్చాను." నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు నాకు శత్రువుగా సంతకం పెట్టాలి."

వీరవేణి విసనకర్ర కింద పెట్టింది. "పంతొమ్మిదేళ్లు పట్టింది, నా గుమ్మం తొక్కడానికి."

"నీకూ ఎవరో ఒకరు కావాలి కదా. నీ కత్తీ అక్కడే ఉంది."

"నేనూ వెతుకుతూనే ఉన్నాను. ఒక్క ముండా ఒప్పుకోలేదు," అని వీరవేణి లోపలికెళ్లి రెండు గ్లాసులతో మజ్జిగ తెచ్చింది. "నేను నీకు, నువ్వు నాకు. ఇద్దరివీ ఒకేసారి వేద్దాం."

మర్నాడు పరస్పర శత్రుత్వం కింద ఉమ్మడి దరఖాస్తు పెట్టారు. హైమావతి ఫారం చదువుతూ రాసుకుంది.

"శత్రుత్వం ప్రారంభమైన తేదీ?"

"రోజు గుర్తులేదండి. ఏరువాక పున్నమి వెళ్లిన మూడో రోజు," అంది నూకరత్నం.

"నాలుగో రోజు," అంది వీరవేణి.

"తీవ్రత? స్వల్పమా, మధ్యమమా, తీవ్రమా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మధ్యమం రాయండి," అంది వీరవేణి. "మరీ తీవ్రమంటే బాగోదు."

క్షేత్రస్థాయి విచారణ అయ్యాక పిలుస్తామన్నారు. వరండాలో కూర్చున్నారు. ఎండ నెత్తికెక్కింది. వీరవేణి గిన్నె మూత తీసి, గోంగూర కలిపిన అన్నం సగం పెట్టింది. నూకరత్నం తన సంచిలోని వడియాలు ఆమె గిన్నెలో వేసింది. తింటూ ఉండగా స్తంభం పక్కనుంచి అవతారం చూశాడు. చూసింది రాయడం అతని ఉద్యోగం.

సాయంత్రానికి ఇద్దర్నీ లోపలికి పిలిచారు. త్రినాథరావు కాగితం పైకి ఎత్తి చదివాడు. "దరఖాస్తుదారులు మధ్యాహ్నం ఒంటిగంట ఇరవై నిమిషాలకు ఒకే గిన్నెలోని గోంగూర అన్నము పరస్పరము పంచుకొనినట్లును, తదుపరి ఒకరికొకరు మారు వడ్డించుకొనినట్లును ప్రత్యక్షముగా గమనించడమైనది. ఇది స్నేహ లక్షణము." కాగితం కింద పెట్టి కళ్లద్దాల మీదుగా చూశాడు. "నకిలీ శత్రుత్వానికి ఆరు నెలలు కత్తి జప్తు. తెలుసా?"

"ఆకలేసింది కదండీ!" అంది వీరవేణి.

"నిజమైన శత్రువులైతే ఆకలితో ఉండేవారు. సరే, న్యాయంగా ఒక అవకాశం ఇస్తున్నాను. సంఘం సమక్షంలో పోట్లాడి చూపించండి."

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. నూకరత్నం గొంతు సవరించుకుంది.

"నువ్వు మంచిదానివి కాదు."

"నువ్వు మటుకు మంచిదానివా," అంది వీరవేణి, చెంగు వేలికి చుట్టుకుంటూ.

"చాలా బలహీనంగా ఉంది," అన్నాడు త్రినాథరావు. "రాయకు అవతారం."

ఆరు నెలలంటే ఈ ఏటి ఆవకాయలు గల్లంతే. నూకరత్నం ఒకడుగు ముందుకేసింది. ఏదో ఒకటి అనాలి. "నీడపట్టు జాగా లాక్కున్నావు," అంది.

"నువ్వే లాక్కున్నావు. అయినా నీకు జాగా ఎందుకు? ఎక్కడ కూర్చుని కొట్టినా ఒకటేగా, నీ ముక్కలు!"

"నా ముక్కలకేమైంది?"

"ఏముంది, కాయకి రెండేసి ముక్కలు టెంకల్లేనివే."

నూకరత్నం కొంగు బిగించింది. ఆ మాటతో ఆమెకు విభాగమూ గుర్తులేదు, పరీక్షా గుర్తులేదు. "నా చేతి ముక్కకి టెంక ఊడిందా? నా చేతి ముక్కకి! నీ ముక్కలు పెట్టిన జాడీలు శ్రావణంలోపే బూజు పట్టాయని ఊరంతా అనుకుంటుంటే కడుపులో పెట్టుకు కూర్చున్నాను. కాయను చూస్తే కత్తి దిగే చోటు తెలియదు నీకు. కట్టెలు కొట్టినట్టు కొడతావు!"

"నేనా! కత్తి ఇప్పించమను! ఇక్కడే తేలిపోతుంది ఎవరి ముక్క ముక్కో!"

"ఇప్పించమను! ఇప్పుడే!"

అవతారం బల్ల కింద దూరాడు. త్రినాథరావు ఆనందంగా తల ఊపుతూ, "తీవ్రం, తీవ్రం," అని తనే రాసుకుంటున్నాడు. అప్పుడు హైమావతి ఫైళ్ల వెనకనుంచి లేచింది. మూడు రోజులుగా ఆమె ఇంట్లో మంచం కింద, ఆవకాయకని కొన్న యాభై చిన్నరసాల మామిడికాయలు గోనె మీద పరిచి ఉన్నాయి. నిన్న రాత్రినుంచి ఒకటి రెండు కాయలు పండు వాసన కొడుతున్నాయి. అత్తగారు కాయల్ని చూసి, కోడలి ఉద్యోగాన్ని చూసి, మూతి తిప్పుకుంటోంది.

"సార్," అంది హైమావతి. "పద్నాలుగో నిబంధన."

"ఏమంటుంది?"

"కత్తి ప్రయోజనం విషయమై ఉభయ పక్షాల మధ్య వివాదం తలెత్తినచో, విభాగ పర్యవేక్షణలో ప్రయోజన ప్రదర్శన జరుపవచ్చును. ఇప్పుడు తలెత్తింది సార్. బాగా తలెత్తింది."

"నిజమే. ఎన్ని కాయలతో జరపాలి?"

హైమావతి పుస్తకం తిప్పింది. "సంఖ్య లేదు సార్. 'విభాగమునకు సంతృప్తి కలుగువరకు' అని ఉంది."

త్రినాథరావుకు ఆ వాక్యం చాలా నచ్చింది. సంతృప్తి తనకు అంత త్వరగా కలగదని ఆయనకు తెలుసు. సోమవారం ఉదయం పదిగంటలకు ఆఫీసు ఆవరణలో ప్రయోజన ప్రదర్శన జరుగుతుందని, పరీక్షా సామగ్రిని ప్రజలనుంచి ఆహ్వానిస్తున్నామని, పచ్చివై, పుల్లగా, గట్టిగా ఉన్న కాయలే స్వీకరించబడునని నోటీసు అంటించారు.

సోమవారం ఏడుగంటలకే ఊరు దిగింది. సంచులు, గంపలు, సైకిళ్లకు కట్టిన బస్తాలు. ఆఫీసు గేటునుంచి బస్టాండు దాకా వరస. ఇద్దరి కత్తులకీ సీలు విప్పారు. నూకరత్నం తన కత్తిని చేతిలోకి తీసుకుని, బొటనవేలితో అంచు తడిమి చూసి, కాసేపు ఒళ్లో పెట్టుకుంది. నాలుగురోజులకే చేతికి కొత్తగా తోచింది.

మొదటి కాయ కొట్టింది. టెంక చీలిన చప్పుడుకు వరసంతా "హమ్మయ్య" అంది.

త్రినాథరావు గొడుగు కింద కుర్చీ వేయించుకున్నాడు. ప్రతి ముక్కనూ పరిశీలించి 'టెంక ఉన్నది' అనిగానీ 'లేనిది' అనిగానీ నమోదు చేయాలన్నాడు. గంట గడిచేసరికి రిజిస్టరులో నాలుగు వందల 'ఉన్నది'లు పడ్డాయి. అవతారం మొదట ఆవరణ అవతల వేపచెట్టు చాటునుంచి రాశాడు. తర్వాత అక్షరం కనబడక కొంచెం దగ్గరికొచ్చాడు. పదకొండింటికి మొద్దు పక్కనే గొంతుకూర్చుని, పొడిగుడ్డతో ముక్కలు తుడుస్తూ జీడి గీకుతున్నాడు. కొట్టిన ముక్కల్ని 'ప్రయోజన ప్రదర్శనానంతర అవశేషములు' అని రాసి, సంతకం పెట్టించుకుని, ఎవరి కాయలు వాళ్లకే తిరిగి ఇచ్చారు. హైమావతి చిన్నరసాలు వరసలో మొదట్లోనే ఉన్నాయి. అవి ఎలా వచ్చాయని ఎవరూ అడగలేదు.

వీరవేణి ముక్కలకు ఒక్కదానికి కూడా టెంక ఊడలేదు. నూకరత్నం ఓరగా చూస్తూనే ఉంది. మధ్యాహ్నానికి ఉండబట్టలేక, "నీ చేయి బాగానే తిరుగుతోందే," అంది.

"ఇన్నేళ్లూ చూడనట్టు మాట్లాడతావేం," అంది వీరవేణి, కాయ మీదనుంచి చూపు తిప్పకుండా.

ఒంటిగంటకు, భోజనం వేళయ్యేసరికి, త్రినాథరావు లేచి నిలబడ్డాడు. "విభాగమునకు సంతృప్తి కలిగినది. ప్రదర్శన ముగిసినది."

వరసలో ఇంకా అరవై మంది ఉన్నారు.

"ముగిసిందా?" అంది ఒకావిడ గంప దింపి.

"మా కాయలు కొట్టకుండానా?" అంది ఇంకొకావిడ. ఆవిడ వెనక ఉన్నవాళ్లు ముందుకొచ్చారు, వాళ్ల వెనక వాళ్లు ఇంకా ముందుకొచ్చారు. పచ్చి మామిడికాయ రాయంత గట్టిగా ఉంటుంది. ఒకటి గాల్లో లేచి త్రినాథరావు గొడుగుకు తగిలింది. గొడుగు మూసుకుపోయింది. ఆయన వెనక్కి వెనక్కి నడిచి, తట్టుకుని పడి, నూకరత్నం వీపు వెనక నక్కాడు.

"అమ్మా! ఏదో ఒకటి చెయ్యమ్మా!"

నూకరత్నం లేచింది. చేతిలో కత్తి అలాగే ఉంది. "ఏవమ్మా, ఏంటా తోపులాట! వరసలో రండి. అందరివీ కొడతాం. మధ్యలో దూరినవాళ్ల కాయలు మాత్రం ముట్టుకోను!"

జనం ఆగారు. సర్దుకుని మళ్లీ వరస కట్టారు. చీకటి పడేలోగా ఆఖరి గంప కూడా అయిపోయింది. వేపచెట్టు కింద మోకాలెత్తున జీడి గుట్ట. ఊరి మీద ఆవపిండి ఘాటు మెల్లగా కమ్ముకుంటోంది.

మర్నాడు ఇద్దర్నీ పిలిచి, త్రినాథరావు నిలబడి మరీ ఉత్తర్వు చదివాడు. "సదరు కత్తి రెండువేల మూడువందల కాయల విషయములో వినియోగ కత్తిగాను, ఒక అధికారి విషయములో ఆత్మరక్షణ కత్తిగాను ప్రవర్తించినట్లు సంఘము స్వయముగా అనుభవించినది. ఒకే కత్తి రెండు ఉద్దేశములు కలిగియుండుట నిబంధనలకు విరుద్ధము. కావున ఈ విషయమై పై అధికారుల స్పష్టత కోరడమైనది. స్పష్టత వచ్చు వరకు కత్తులు యజమానుల వద్దనే ఉండవలెను. ప్రతి ఏటా మే నెలలో ప్రదర్శన కొనసాగించవలెను."

నూకరత్నానికి సగం అర్థమైంది, సగం కాలేదు. హైమావతి వైపు చూస్తే ఆమె తల ఊపింది.

"అంటే రేపట్నుంచి మార్కెట్లో కాయలు కొట్టుకోవచ్చాండి?"

"కొట్టుకోవచ్చు," అన్నాడు త్రినాథరావు.

"ఆ ముక్క మొదటిరోజే చెప్పొచ్చు కదండీ!"

త్రినాథరావు ఉత్తర్వు బల్ల మీద పెట్టి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మొదటిరోజే చెప్పేస్తే, మేమేం చెయ్యాలమ్మా?" అని అడిగాడు, నిజంగానే తెలియక.